ఎర్ర గోలీ వెనక ఉన్న చరిత్ర



మన వార్షిక నివేదికలో ప్రతి ఏడాది పొదుపు లెక్క, అప్పు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క రాసుకుంటాం. ఈసారి నేను ఇంకో లెక్క గురించి రాస్తున్నాను. అది మన ఒంట్లో రక్తం లెక్క. ఏఎన్ఎం అక్క, ఆశా అక్క మనకిచ్చే ఎర్ర గోలీ, అంటే ఐరన్ గోలీ, ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు కనిపెట్టారు, ఎవరి కష్టం దాని వెనక ఉంది అన్నది ఈ వ్యాసం.

ఎందుకంటే ఆ గోలీల అట్ట చాలా ఇండ్లల్ల బియ్యం డబ్బా మీదనో, దేవుని అర్రలోనో అట్లనే ఉంటది. "వాంతి వస్తది", "నల్లగ విరేచనమైతది", "బిడ్డ నల్లగ పుడ్తది" అని పక్కన పెడ్తరు. దాని కథ తెలిస్తే అట్ల పెట్టబుద్ధి కాదని నా నమ్మకం.

ఒంట్లో జమా ఖర్చు

ముందు మన శరీరం ఎట్లా నడుస్తుందో చూద్దాం. మనం తిన్న అన్నం, రొట్టె, పప్పు కడుపులో, పేగుల్లో అరిగి సన్నటి రసంగా మారి రక్తంలో కలుస్తాయి. రక్తం దాన్ని ఒళ్ళంతా ఉన్న కణాలకు చేరవేస్తుంది. కణం అంటే కంటికి కనపడని చిన్న గది అనుకోండి. ఆ గదిలో, మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్ సాయంతో, ఆ రసం నెమ్మదిగా మండి శక్తి పుడుతుంది. ఆ శక్తితోనే గుండె కొట్టుకుంటుంది, చెయ్యి ఆడుతుంది, కడుపులో బిడ్డ పెరుగుతుంది. ఈ మొత్తం పనినే జీవక్రియ అంటారు. మనం నిద్రపోయినా అది ఆగదు.

దీన్ని మన సంఘం లెక్కతో పోల్చుకోవచ్చు. తిండి మన ఆదాయం. కొవ్వు బ్యాంకులో దాచిన డిపాజిట్ లాంటిది. అవసరం వచ్చినప్పుడు తీస్తాం, మితిమీరి దాచితే అదే బీపీకి, షుగర్‌కు దారి తీస్తుంది. రోజు ఖర్చుకు చేతిలో ఉండే నగదు మాత్రం వేరే. ఆ నగదు పేరు ఏటీపీ. కండరం కదలాలంటే ఏటీపీ ఖర్చు కావాల్సిందే.

కండరంలో ఈ శక్తి ఎట్లా దాగి ఉంటుందో మొదట చూపించిన వాళ్ళల్లో ఒకరు మన తెలుగాయన, ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1927లో అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. 1929లో ఏటీపీని కూడా కండరం నుంచి వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుగొన్నారు. సుబ్బారావు గారి పేరు మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక సంగతి. పొయ్యిలో కట్టెలు ఎన్ని పెట్టినా గాలి ఆడకపోతే మంట లేవదు, పొగే వస్తుంది. ఒంట్లో ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే కడుపు నిండా తిన్నా కణాలకు గాలి ఆడదు. అందుకే ఆయాసం, కళ్ళు తిరుగుడు, కాళ్ళు లాగుడు, ఏ పని చేసినా ఓపిక లేకపోవుడు. దాన్ని మనం "ఒళ్ళు బరువు", "బద్ధకం" అని తిట్టుకుంటం. అది బద్ధకం కాదు, రక్తహీనత. గర్భిణికి 11 గ్రాములకు, మిగతా ఆడవాళ్ళకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణికి 7 కన్నా తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

బొంబాయి మిల్లు ఆడవాళ్ళు

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు రక్తం విరిగిపోయి, పాలిపోయి చనిపోతున్నారు. ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. ఏదో క్రిమి అనుకున్న వాళ్ళూ ఉన్నారు.

లూసీ విల్స్ ఆస్పత్రిలో రక్త పరీక్షలతోనే ఆగలేదు. వాళ్ళు ఎక్కడ ఉంటున్నారు, ఏం తింటున్నారు అని అడిగి రాసుకుంది. తిండి ఎంత నాసిగా ఉంటే జబ్బు అంత ఎక్కువగా ఉందని గమనించింది. ఎలుకల మీద, కోతుల మీద పరీక్షలు చేసింది. కొంత పని నీలగిరి కొండల్లోని కూనూరు పరిశోధనశాలలో జరిగింది. చివరికి ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఈ సంగతి అచ్చయింది. ఈస్టులో ఏదో మందు గుణం ఉంది, అదేమిటో అప్పటికి తెలియదు. దానికి "విల్స్ ఫ్యాక్టర్" అని ఆమె పేరే పెట్టారు.

1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి "ఫోలిక్ యాసిడ్" అన్నారు. లాటిన్ భాషలో "ఫోలియం" అంటే ఆకు. విల్స్ చెప్పిన పదార్థమూ ఇదేనని తర్వాత తేలింది. అంటే మన పెరట్లో ఆకుకూర పేరే ఆ గోలీలో ఉంది.

మూడోసారికి మెట్రిక్ పాసైన మనిషి

ఆకుల నుంచి తీస్తే చిటికెడు కూడా రాదు. ఊరూరికీ మందుగా ఇవ్వాలంటే ఫ్యాక్టరీలో తయారు కావాలి. ఆ పని చేసిన బృందానికి పెద్ద మన సుబ్బారావు గారే.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. తండ్రి తొందరగానే పోయారు. తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి చదివించిందని చెబుతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. పదో తరగతి తప్పిన పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. మద్రాసులో వైద్యం చదివారు. ఆయన అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తం తగ్గి మనిషి శుష్కించిపోయే జబ్బు. తిండి ముందు పెట్టినా ఒంటికి పట్టదు.

1923లో ఆయన అమెరికా పోయారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేయగలిగింది. స్ప్రూ రోగుల మీద కూడా అది పనిచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది. 1948లో 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. మళ్ళీ ఇండియాకు రాలేదు.

ఫోలిక్ యాసిడ్ పని ఏమిటంటే కొత్త కణాలు పుట్టించడం. మన ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులే బతుకుతుంది. రోజూ పాతవి పోతుంటే కొత్తవి రావాలి. కడుపులో బిడ్డకైతే మొదటి నెలలోనే మెదడు, వెన్నెముక రూపు కడతాయి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పెళ్ళైన కొత్త కోడళ్ళకు గర్భం రాకముందు నుంచే ఈ గోలీ అందాలి.

కూనూరు నుంచి తార్నాకకు

1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టర్ ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. బెరిబెరి అంటే కాళ్ళు చచ్చుబడి, గుండె వాచే జబ్బు. అది సర్కారు జిల్లాల తెలుగు వాళ్ళల్లో ఎక్కువగా ఉండేది. వాళ్ళు బాగా దంపి తెల్లగా చేసిన పచ్చి బియ్యం తినేవాళ్ళు. తవుడుతో పాటు విటమిన్ బి1 కూడా పోయేది. ఉప్పుడు బియ్యం తినే చోట ఆ జబ్బు తక్కువ. అట్ల మొదలైన పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు, ఉస్మానియా యూనివర్సిటీ పక్కన తార్నాకకు వచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. మనం సికింద్రాబాద్ దిక్కు పోయినప్పుడు కనపడే ఎన్ఐఎన్ అదే. మేడ్చల్ నుంచి గంట దారి.

ఇక్కడికి వచ్చాక వాళ్ళ కంట పడింది తెలంగాణ పేదల జబ్బు, పెల్లాగ్రా. మెడ మీద, చేతుల మీద ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి తప్పేది. అమెరికాలో మక్కలు ఒక్కటే తిని బతికిన పేదలకు అది వచ్చింది. మన దగ్గర జొన్నలు ఒక్కటే తిన్న వాళ్ళకు వచ్చింది. తర్వాత ఈ సంస్థకు డైరెక్టర్ అయిన గోపాలన్ గారు, ఆయన తోటి డాక్టర్లు 1960లో దీని మీద రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం వల్ల అని వాళ్ళు అన్నారు. ఆ కారణం గురించి తర్వాత శాస్త్రవేత్తల్లో వాదాలు జరిగాయి. కానీ ఒక్క సంగతిలో వాదం లేదు. జొన్న రొట్టెతో పప్పు, పాలు, కూర, మాంసం తినగలిగిన ఇండ్లలో పెల్లాగ్రా లేదు. గటకలో కారం నంజుకుని పూట గడిపిన ఇండ్లలో ఉంది.

అక్కలారా, ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఇదే. తెల్ల బియ్యం ఒక్కటే తిన్న వాళ్ళకు బెరిబెరి. జొన్న ఒక్కటే తిన్న వాళ్ళకు పెల్లాగ్రా. బొంబాయి మిల్లు ఆడవాళ్ళకు రక్తం లేకపోవుడు. గింజల్లో విషం లేదు. ఒక్కటే తినవలసిన పేదరికంలో ఉంది జబ్బు. "మా అవ్వలు జొన్నలు తిని గట్టిగ ఉండె" అని మనం అంటుంటం. జొన్నలు మంచివే. కానీ అవ్వల కాలంలో కూడా చేను, పాడి ఉన్న అవ్వ వేరు, కూలికి పోయిన అవ్వ వేరు.

గోలీ మన గడపకు వచ్చింది

1970లో కేంద్ర ప్రభుత్వం గర్భిణులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిపిన గోలీ పంచడం మొదలుపెట్టింది. అప్పట్లో 100 గోలీలు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీ అక్కడి నుంచే వచ్చింది. 2018లో అనీమియా ముక్త్ భారత్ వచ్చాక, గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు అని పెట్టారు. ఒక్కో ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. బడికి పోయే ఆడపిల్లలకు వారానికొక నీలం గోలీ.

అంటే 50 ఏళ్ళు దాటింది. మరి రక్తహీనత పోయిందా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు 2015-16లో నూటికి 56.6. 2019-21లో 57.6. ఐదేళ్ళలోపు పిల్లల్లో 60.7 నుంచి 70కి పెరిగింది. పది మంది ఉన్న సంఘం మీటింగులో కూర్చుంటే ఐదారుగురికి రక్తం తక్కువ ఉన్నట్టు. తల్లికి లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తది?

మన పళ్ళెం ఎట్లా మారింది

1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. కానీ మెల్లమెల్లగా జొన్న రొట్టె, సద్ద రొట్టె, తైద అంబలి పళ్ళెంలో నుంచి జారిపోయాయి. ఎన్ఐఎన్ 2017లో వేసిన ఆహార పదార్థాల పట్టిక చూస్తే, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. జొన్నల్లో దాదాపు 4, తైదల్లో 4.6, సద్దల్లో 6.4 మిల్లీగ్రాములు ఉంది.

మన మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఇంకో మార్పు వచ్చింది. ఒకప్పుడు ద్రాక్ష తోటలు, కూరగాయల మడులు, పొలాల గట్ల మీద దానంతట అదే మొలిచే ఆకుకూరలు ఉండేవి. ఇప్పుడు చాలా భూములు వెంచర్లు, గోదాములు, కంపెనీలు అయినయి. జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాలు దేశదేశాలకు పోతాయి. ఆ చుట్టుపక్కల ఊర్ల ఆడవాళ్ళు పొద్దున ఆరింటికే ఆటో ఎక్కి డ్యూటీకి పోతరు. పొద్దున చాయ్ బిస్కెట్, మధ్యాహ్నం డబ్బాలో అన్నం, తొక్కు. చేతికి జీతం వచ్చింది కానీ పళ్ళెంలో ఆకుకూర తగ్గింది. ఇప్పుడు కూడా ఒక్కటే తిండి, కాకపోతే పేదరికం వల్ల కాదు, తీరిక లేక.

మన మేడ్చల్ మండలం ఊర్లలోనే 2009లో ఘన్‌పూర్ మెడిసిటీ వాళ్ళు లైఫ్ అనే అధ్యయనం మొదలుపెట్టారు. వెయ్యి మందికి పైగా ఆడవాళ్ళను చేర్చుకుని, తల్లి బతుకు తీరు బిడ్డ ఆరోగ్యానికి ఎట్లా ముడిపడి ఉందో చూడడం దాని ఉద్దేశం. బొంబాయిలో లూసీ విల్స్ అడిగిన ప్రశ్న 80 ఏళ్ళ తర్వాత మన గడప దగ్గరికి వచ్చింది.

ఇంకొకటి ఏ పుస్తకంలో చూడక్కర్లేదు. మన ఇండ్లలో ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత అత్తమామలు తింటరు. అడుగున మిగిలింది కోడలు తింటది. గుడ్లు నాలుగే ఉంటే ఆమెకు రాదు. నెలనెలా రక్తం పోయేది, కాన్పులో రక్తం పోయేది మాత్రం ఆమెకే. ఖర్చు ఎక్కువ ఉన్న ఖాతాలో జమ తక్కువ పడుతోంది. ఏ సంఘమైనా అట్ల నడిస్తే మునుగుతుంది.

సంఘాలు చేసిన పని

ఈ చరిత్రలో మన సంఘాల పాత్ర కూడా ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి 1983 నుంచి పేద దళిత మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర పండించాయి. బియ్యం బదులు జొన్నలు పంచే రేషన్ దుకాణం తామే నడిపాయి. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కాలంలో గ్రామ సంఘాలే గర్భిణులకు, బాలింతలకు పోషకాహార కేంద్రాలు నడిపాయి. 2013లో అమృత హస్తం, 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి వచ్చాయి. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెట్టి, అక్కడే ఐరన్ గోలీ వేయించడం. ఇంటికిస్తే అది ఇంటిల్లిపాదికీ పంచబడుతుందని, ఆమె చేతికి రాదని తెలిసే "అక్కడే తినాలి" అన్నారు.

2021లో కేంద్రం పోషకాలు కలిపిన బియ్యం ఇస్తామని ప్రకటించింది. నూరు గింజలకు ఒక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజ ఉంటుంది. అది కొంచెం వేరేగా కనపడుతుంది కాబట్టి "ప్లాస్టిక్ బియ్యం" అని చాటలో ఏరి పారేసిన వాళ్ళున్నారు. అది బియ్యప్పిండితోనే చేసిన గింజ. సుబ్బారావు గారి బృందం తయారు చేసిన మందే అందులో ఉంది.

ఇక మనం ఏం చేయాలి

నా వైపు నుంచి సమాఖ్యకు కొన్ని విన్నపాలు.

గోలీని అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నల్లగా విరేచనం అయితే భయం లేదు, ఒంటికి పట్టని ఇనుము అట్ల బయటికి పోతుంది. గోలీకి, బిడ్డ రంగుకు ఏ సంబంధం లేదు. గోలీకి ముందు గంట, తర్వాత గంట చాయ్ తాగొద్దు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ తింటే ఇనుము బాగా పడుతుంది. పుంటికూర, తోటకూర, మునగాకు, పల్లీలు, బొబ్బర్లు, తినేవాళ్ళకు గుడ్డు, కార్జం వారంలో తిరిగి తిరిగి రావాలి. రోజూ ఒక్కటే కూడదు. గోలీ వేసుకున్నా ఆయాసం తగ్గకపోతే ఇంట్లో కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి. గోలీలు చిన్నపిల్లల చేతికి అందకుండా పెట్టాలి. మిఠాయి అనుకుని ఎక్కువ మింగితే ప్రమాదం.

రెండోది, ప్రతి సంఘంలో ఏడాదికి రెండుసార్లు సభ్యులందరి హిమోగ్లోబిన్ పరీక్ష ఏఎన్ఎం అక్కతో చేయించి, ఎవరిది వాళ్ళ పొదుపు పుస్తకం చివరి పేజీలో రాసుకోవాలి. అప్పు ఎంత కట్టామో మనకు నోటికి వస్తది, రక్తం ఎంత ఉందో తెలియదు. అది కూడా నోటికి రావాలి.

మూడోది, ఇంట్లో వడ్డించేటప్పుడు కోడలి పళ్ళెం, ఆడపిల్ల పళ్ళెం కూడా అందరితో పాటు పెట్టాలి. దీనికి పథకం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. సంఘంలో ఉన్న అత్తలు అనుకుంటే రేపటి నుంచే అయితది.

బొంబాయి మిల్లుల్లో రక్తం లేక పోయిన ఆ తల్లుల పేర్లు ఎక్కడా రాసి లేవు. వాళ్ళ రక్తం పరీక్ష చేసి తెలుసుకున్న సంగతే మన చేతిలో గోలీగా ఉంది. వచ్చే ఏడాది నివేదికలో రికవరీ శాతం పక్కన మన సభ్యుల హిమోగ్లోబిన్ లెక్క కూడా అచ్చు కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.